గేర్ల సైకిలు, అమ్మమ్మూరి ఘాట్

ఆ రోజుల్లో మా ఇంట్లో శుక్రవారానికి ఉన్న గౌరవం ఆదివారానికి ఉండేది కాదు. (మూడు తరాలుగా మిషన్ గుడికి పోతున్న కుటుంబం అనవలసిన మాట కాదిది. మా పాస్టరుగారు దీన్ని చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.) ఆదివారం దేవుడిదైతే, శుక్రవారం మా అన్నది. మస్కట్‌లో అతనికి శుక్రవారమే సెలవు కాబట్టి ఆ రోజే ఫోన్ చేసేవాడు. ఆ పూట మా అవ్వ, అంటే అమ్మ, చేనికి పోయేది కాదు, బాపు గడ్డం గీసుకునేవాడు, నేను కాలేజీకి కడుపునొప్పి చెప్పేవాణ్ణి. శుక్రవారం తప్ప మరో రోజు రాని ఆ నొప్పి గురించి మా లెక్చరర్ నిజంగానే బాధపడి, ఆదిలాబాద్‌లో మంచి డాక్టరు ఉన్నాడని కూడా చెప్పాడు పాపం.

అన్న మస్కట్ వెళ్లి అప్పటికి నాలుగేళ్లు దాటింది. సెలవు ఇస్తామంటూనే కంపెనీ వాయిదా వేస్తోంది. అమ్మమ్మ పోయినప్పుడు కూడా రాలేకపోయాడు. తను రాలేదు గానీ, ఒక ఎండాకాలం కార్గోలో పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో పాలపొడి డబ్బాలు, తలనొప్పి నూనె, మందపాటి దుప్పటి, వాటి కింద విడి భాగాలుగా ఒక గేర్ల సైకిలు. ఇచ్చోడలో సైకిళ్లు బాగుచేసే ఆయన దాన్ని బిగించి, మడ్‌గార్డు లేదు, స్టాండు లేదు, క్యారియరు లేదు, బెల్లు లేదని చుట్టూ తిరిగి చూసి, "సగం సామాను దార్లనే కొట్టేసిన్రు కాకా" అని మా బాపును ఓదార్చాడు.

ఆ శుక్రవారం అన్న ఫోన్లో నవ్వి నవ్వి చెప్పాడు. "గిది గుట్టలెక్కే సైకిల్ రా! ఈడ సెలవు నాడు తెల్లోళ్లు గుట్టల మీద తొక్కుతరు. ఒక్క చెట్టుండది, చుక్క నీళ్లుండయి, ఉత్త బండలు. గా బండలకే గంత సంబురపడుతున్నరు, మన ఘాట్ చూస్తే ఏమైతరో అనుకున్న." ఘాట్ అంటే మా గుట్ట నెత్తిన ఉన్న సందు. అక్కడ నిలబడితే ఇటు మా ఊరు, అటు అమ్మమ్మ ఊరు కనిపిస్తాయి. అన్న నా వయసులో ఉన్నప్పుడు బాపు పాత సైకిలును సగం తొక్కుతూ, సగం మోస్తూ ఆ బాటనే అమ్మమ్మ దగ్గరికి పోయేవాడు. "నేనెప్పుడొస్తనో తెల్వది. నువ్వు తొక్కు, నేను ఫోన్ల చూస్త. ఘాట్ దాక తీస్కపోరా, అమ్మమ్మిల్లు ఒక్కసారి చూడాలె" అన్నాడు. ఆ చివరి మాట విన్నాక కాదనడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.

వానలు తగ్గాక ఒక శుక్రవారం పొద్దున్నే ముహూర్తం కుదిరింది. ఫోన్‌ను హ్యాండిల్‌కు టేపుతో అంటిస్తే ఊడిపోయింది, రబ్బరుతో కడితే జారిపోయింది. చివరికి అవ్వ తన పాత చీర అంచు చింపి, పసిపిల్లకు జడ వేసినంత శ్రద్ధగా కట్టింది. అక్కడితో ఊరుకోలేదు. ప్రార్థన చేయకుండా సైకిలు ఎక్కడానికి వీల్లేదంది. అవ్వ ప్రార్థన అంటే మామూలుగా ఉండదు. సైకిలు చక్రాలు, బ్రేకులు, నా మోకాళ్లు, దారిలో ఎలుగులు, పాములు, మస్కట్ కంపెనీ మేనేజరు మనసు, అన్నీ వరసగా దేవుడికి అప్పగించింది. ఆఖరున "ఆమెన్" అనేసరికి ఫోన్లోంచి ఏడెనిమిది గొంతులు ఒక్కసారిగా "ఆమెన్" అన్నాయి. అన్న ఒక్కడే అనుకున్నాం, రూములో ఉన్న వాళ్లంతా మంచం మీద గుంపుగా కూర్చుని చూస్తున్నారు. అందరిలోకి పెద్దవాడు, నీళ్ల ట్యాంకరు నడిపేవాడు ఒకాయన. సొంతూరు చొప్పదండి కాబట్టి అందరికీ చొప్పదండి మామ. "ఆమెన్ మంచిదే, జై ఆంజనేయ కూడ అను పోరగా, గుట్టెక్కుడు ఆయన పని" అన్నాడు. అదీ అన్నాను.

ఊరు దాటి ఎక్కుడు మొదలవగానే నా సైకిలుకు డ్రైవర్లు ఎక్కువయ్యారు. "ఫస్ట్ గేర్ల ఏసుకో!" అని మామ. "అది లారీ కాదు మామా" అని అన్న. ఈ రెంటి మధ్య నేను ఏదో గేరు నొక్కితే చైను ఊడి చేతికొచ్చింది. చైను ఎక్కించుకుని మళ్లీ బయలుదేరాక అన్న దారి చెప్పడం మొదలుపెట్టాడు. "ముంగట తునికిచెట్టు వస్తది, దానికాడ ఎడమకు తిప్పు." తునికిచెట్టు లేదు. "కండ్లు తెరిచి చూడురా, గా చెట్టేడికి పోతది?" అన్నాడు. ఎడమకు తిప్పాను. అక్కడ ఫారెస్టువాళ్లు మొక్కల చుట్టూ కొత్తగా తవ్విన కందకం ఉంది. ఆ సంగతి మస్కట్‌కు తెలియదు, మస్కట్ మాట విన్న నాకూ తెలియలేదు. కళ్లు తెరిచేసరికి నేను కింద, సైకిలు నా పైన, చక్రం ఇంకా తిరుగుతోంది. "ఫోన్ మంచిగున్నదా?" అని అన్న అరిచాడు. "పోరడు మంచిగున్నడా?" అని మామ అరిచాడు. ఆ రోజు నుంచి నాకు చొప్పదండి అంటే ఒక అభిమానం.

ఒంటి నిండా పల్లేరుకాయలతో లేచాను. "మంచిగ చూస్కోని తొక్కవద్దా? కందకం దాటి పో, ఒర్రె నీళ్ల పక్కన బాటుంటది" అన్నాడు అన్న. నాకు ఒళ్లు మండిపోయింది. "అన్నా, నువ్వు చెప్పే బాట ఇప్పుడు లేదు!" అని గట్టిగానే అన్నాను. అన్న మెల్లగా, "మరి ఇప్పుడు అమ్మమ్మూరికి ఎట్ల పోతరు?" అని అడిగాడు. "రోడ్డు మీంచి ఆటోల పోతరు. గుట్ట మీంచి ఎవ్వలు పోతలేరు" అన్నాను. ఇంత చిన్న సంగతి నాలుగేళ్లుగా ఎవరం అతనికి చెప్పలేదని అప్పుడు తట్టింది. అన్న ఫోన్‌కు దగ్గరగా జరిగాడు. తర్వాత, "సరే, నువ్వే తీస్కపో. ఇగ నేను మాట్లాడ, చూస్త" అన్నాడు. అన్నంత పని చేశాడు కూడా. మేకలు పోయే సన్నబాట పట్టుకుని, తొక్కినంత తొక్కి, తొక్కలేని చోట తోసుకుంటూ పైకి పోయాను. టేకు ఆకులు చక్రాల కింద నలుగుతుంటే ఆ చప్పుడు తప్ప రెండు వైపులా వేరే మాట లేదు.

ఘాట్ చేరేసరికి రొప్పుతున్నాను. గర్వంగా ఫోన్ విప్పి లోయ వైపు తిప్పాను. సరిగ్గా అప్పుడే బొమ్మ ఆగిపోయింది. ఎటు తిరిగినా, బండ ఎక్కి చేయి పైకెత్తినా, అన్న ముఖం నోరు తెరుచుకుని అలాగే బిగిసి ఉంది. గొంతు మాత్రం వినిపిస్తోంది. "ఏం కనవడుతలేదురా" అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చాక ఇట్లా అవుతుందా? "పరేషాన్ గాకు. ఏమేం కనవడుతున్నదో నువ్వే చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఇటు చెరువు నిండుగా ఉందని, పత్తి పగిలి చేలు తెల్లబడ్డాయని, గుడి పక్కన మన ఇంటి రేకులు మెరుస్తున్నాయని, వాకిట్లో ఎవరో చెయ్యి అడ్డం పెట్టుకుని గుట్ట వైపు చూస్తున్నారని, అది అవ్వే అయి ఉంటుందని చెప్పాను. "మరి అటు? అమ్మమ్మిల్లు?" అన్నాడు. అమ్మమ్మ పోయాక ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదు. పైకప్పు ఒక పక్క కూలిపోయి, వాసాలు బయటపడి కనిపిస్తోంది. "కనవడుతుందన్నా. పెంకలు ఎర్రగున్నయి. పొయ్యి పొగ లేస్తుంది" అన్నాను. అవతల ఎవరో ముక్కు చీదారు. తర్వాత చొప్పదండి మామ గొంతు వచ్చింది. "పోరగా, ఆడికెల్లి మా కొండగట్టు అంజన్న గుడి కనవడుతదా?" కొండగట్టు ఎక్కడ, మా గుట్ట ఎక్కడ! "మబ్బులున్నయి మామా, లేకుంటే కనవడుతుండె" అన్నాను. ఆకాశంలో దూది పింజంత మబ్బు కూడా లేదు. "దిక్కన్న చూపెట్టు" అన్నాడు. సూర్యుడికి కాస్త కుడిగా చెయ్యి చాపి, ఎవరూ చూడటం లేదని తెలిసీ, "గటే మామా" అని అలాగే నిలబడ్డాను.

మరుసటి ఏడు అన్న సెలవు మీద వచ్చాడు. వచ్చిన వారంలోనే తను సైకిలు మీద, నేను వెనక నడుస్తూ ఘాట్ ఎక్కాం. అమ్మమ్మ ఊరి వైపు చాలాసేపు చూశాడు. నేను నేల చూపులు చూస్తున్నాను. చివరికి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పినప్పుడే మంచిగుండెరా" అన్నాడు. రెండు నెలలకు మళ్లీ విమానం ఎక్కాడు.

ఇప్పుడు గుట్ట కింద టవరు వచ్చింది, బొమ్మ ఎక్కడా ఆగదు. నేనే ఆగుతున్నాను. పెళ్లయింది, పొట్ట వచ్చింది, ఆ సైకిలు నన్ను ఎక్కించుకున్నప్పుడల్లా మూలుగుతోంది. అయినా అన్న సెలవు రోజున ఇప్పటికీ పైకి పోతాను. ఘాట్ చేరగానే అన్న, "కెమెరా బంద్ చెయ్యి. చెప్పు" అంటాడు. "ఆయాసం తగ్గనియ్యన్నా" అంటాను. మస్కట్‌లో అన్న ఓపిగ్గా ఆగుతాడు.