అయ్యగారి పేరుకు ఎవరు లేచారు

నవంబరు రెండో ఆదివారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలు. షామీర్‌పేట దగ్గరి మా చిన్న చర్చిలో గంట ఒక్కసారి మోగింది. కొత్త పాస్టర్ గారు ఒక పేరు చదివారు. నేను లేచాను. గోడ గడియారం చూస్తూ లేచాను కాబట్టి టైములో తప్పు లేదు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. సమాధుల పండుగ అయిన తరువాతి ఆదివారం, ఈ చర్చిలో సేవ చేసి చనిపోయిన పాస్టర్లు, పంతుళ్ల పేర్లు చదువుతారు. ఒక్కో పేరుకు ఒక గంట. ఆ మనిషిని ఎరిగినవాళ్లు ఎవరైనా లేచి తాము కళ్లారా చూసిన ఒక్క సంగతి చెప్పాలి. ఊరికే మంచివారు, ప్రేమగలవారు అంటే కూర్చోమంటారు. ఎవరూ లేవకపోతే పాస్టర్ గారు కాసేపు ఆగి, పాట ఒక చరణం ఎత్తుకుని తరువాతి పేరుకు వెళ్లిపోతారు. కొత్తగా వచ్చినవాళ్లకు అదీ మర్యాదలాగే ఉంటుంది. మాకు తెలుసు. పాట వచ్చిందంటే ఆ మనిషి తరఫున ఇక్కడ ఎవరూ లేరని.

నేను లేచింది మా పాత పాస్టర్ అయ్యగారి పేరుకు. పోయిన ఏడు ఆ పేరుకు పాట వచ్చింది. ఆయన చనిపోయాక అదే మొదటి ఏడు. ఆయన భార్య, మా అమ్మగారు, ముందు వరుసలో కూర్చుని ఆ చరణం తానూ పాడారట. నేను కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడి ఉన్నాను. విన్నాక రెండు రోజులు అన్నం సహించలేదు.

ఈ ఏడు ఆమె కీసర నుంచి ఆటోలో వచ్చారు. అక్కడ బిడ్డ దగ్గర ఉంటున్నారు. చర్చి మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు.

"అక్కా, నా బిడ్డ వద్దన్నది. మల్ల గా పాట ఇననీకే పోతున్నవా అమ్మా అన్నది. గీసారి గూడ పాటనే అయితే ఇగ నేను రాను. ఆయన పేరు సదువుడు బంద్ చెయ్యమని చెప్పి పోత."

"నేను లేస్త అమ్మగారూ. గాని మంచోడని చెప్పుమంటే చెప్ప."

"నేను గూడ చెప్ప. ముప్పై ఏండ్లు సంసారం జేసిన, నాకు తెల్వదా? సూసింది చెప్పు, సాలు."

ఆయన్ని జనం ఎందుకు ఇష్టపడలేదో దాచాల్సిన పని లేదు. తన ప్రసంగంలో ఎవరైనా కునికితే ఆపి, నల్లా దగ్గరికి పోయి మొహం కడుక్కు రమ్మనేవారు. చెప్పిన టైము దాటించి వచ్చిన పెళ్లివాళ్లను బయటే కూర్చోబెట్టి, ఆరాధన అంతా అయ్యాక పెళ్లి చేశారు. పెళ్లికొడుకు మేనమామ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతాడు. నవ్వేవారు కాదు. పాట అసలే రాదు, అయినా అందరికంటే గట్టిగా పాడేవారు.

ఆ రోజు ముందు పెద్ద పాస్టర్ గారి పేరు వచ్చింది. ఆయనకు ఎప్పుడూ నలుగురు పోటీపడి లేస్తారు. తరువాత బడి పంతులమ్మ. ఆమె పిల్లల తలలో పేలు చూస్తూ ఎక్కాలు చెప్పేదని ఆమె చెల్లెలు చెప్పింది. ఆ తరువాత గంట, మా అయ్యగారి పేరు. అమ్మగారు తల వంచుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటున్నారు.

నేను లేచి చెప్పింది ఇది.

అప్పట్లో ఇక్కడంతా ద్రాక్ష తోటలు. ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉన్న చోట పటేల్ తోటలో నేను కూలి చేసేదాన్ని. నలభై దాటాక చదువు నేర్చుకున్నానని అందరికీ చెప్పుకునేదాన్ని. బైబిలు తెరిచి కాపరి కీర్తన మొదటి నుంచి చివరి దాకా చదివేదాన్ని, వేలు కూడా వరుస తప్పేది కాదు. నిజంగా చదువంటే అదే అనుకున్నాను. పుట తెరవాలి, వేలు పెట్టాలి, లోపల ఉన్నది బయటికి అనాలి. అందరూ మెచ్చుకున్నారు. ఈయన ఒక్కరే నా వేలు తీసి చివరి మాట మీద పెట్టారు.

"కింది నుంచి మీదికి సదువు."

నేను మళ్లీ మొదటి నుంచే అందుకున్నాను. నాకు వచ్చింది కంఠస్థమే, అక్షరాలు కాదు. ఆయన ఎవరికీ చెప్పలేదు. మరునాటి నుంచి మధ్యాహ్నం మేము సద్ది తినే వేళకు మోపెడ్ మీద తోటకు వచ్చేవారు. పందిరి కింద కూర్చుని నాకు అక్షరాలు దిద్దించేవారు. ఒకసారి పటేల్ వచ్చి నిలబడ్డాడు.

"ఏంది అయ్యగారు, నా తోటల గుడి పెడ్తున్నవా?"

"గుడి కాదు పటేలా, బడి. నువ్వు గూడ కూసో, జాగ ఉన్నది."

పటేల్ కూర్చోలేదు గాని, మమ్మల్ని లేపనూ లేదు.

తోటలో మేము నీళ్లు తాగేది ఒక డబ్బాతో. తీగలకు మందు కొట్టగా ఖాళీ అయిన డబ్బా. బాగా తోమి, బూడిద పెట్టి రుద్ది వాడుకునేవాళ్లం. గట్టి డబ్బా, మూత కూడా ఉంది, ఎందుకు పారేయాలి? ఒకనాడు ఆయన అది చూసి నీళ్లన్నీ నేల మీద ఒంపేశారు. ఎర్రటి ఎండ. ఆడవాళ్లంతా శాపనార్థాలు పెట్టారు. ఆయన ఖాళీ డబ్బా నా ముందు పెట్టి, చెరిగిపోగా మిగిలిన తెలుగు ముక్క మీద వేలు పెట్టారు.

"ఇది నీకు కంఠస్థం రాదు. సదువు."

చాలాసేపు పట్టింది. మొదటి అక్షరం పట్టుకున్నాను, రెండోది పట్టుకున్నాను, కలిపి పైకి అన్నాను. విషం. మూడేళ్లుగా ఆ డబ్బాతో తాగుతున్నాం. నేను దాన్ని కాలితో తన్నాను, అది పోయి కాలువలో పడింది.

ముందే చెబితే అయ్యేది కదా అని ఆయన మీద లేచాను. "చెప్తే నన్ను తిట్టి మల్ల గదే డబ్బ కడిగి పెట్టుకుందురు," అన్నారు. ఆ మాట నిజమే. మమ్మల్ని ఆయన బాగా ఎరుగుదురు.

ఇంతే చెప్పి కూర్చున్నాను. అప్పుడు నాతో తోటలో తీగలు కట్టిన ఆమె గోడ పట్టుకుని లేచింది.

"నేను గప్పుడు తిట్టిన. ఇప్పుడు గూడ తిడ్త. నీళ్లు ఒంపి ఆయన జెప్పన బండెక్కి పాయె. మల్ల బోరు కాడికి బిందె మోసుకొని పోయింది ఎవ్వరు? నేను."

అందరూ నవ్వారు. అమ్మగారు తల ఎత్తారు.

తలుపు దగ్గర పంక్చర్ షాపు సాయబు నిలబడి ఉన్నాడు. చర్చి ఎదురుగానే అతని దుకాణం. నవ్వులు విని వచ్చినట్టున్నాడు.

"పాస్టర్ సాబ్, మేం బయటోళ్లం. చెప్పొచ్చా?"

"చెప్పు చాచా," అన్నారు కొత్త పాస్టర్ గారు.

"గా సాబ్ రెండుసార్లు నా కాడ కూసొని పంచర్ ఎట్లేస్తరో సూసిండు. గంతే, మూడోసారి నుంచి నా దుకాన్ ముంగటనే, నా పానాతోని, నా పంపుతోని సొంతంగ ఏసుకునుడు. నా గిరాకీ పాయె. పైకెల్లి చాయ్ నేనే తాపియ్యాలె. మస్తు పరేషాన్ జేసిండు." చేత్తో దుకాణం వైపు చూపించాడు. "ఇప్పుడు గా జాగల ఎవ్వలు కూసుంటలేరు."

కొత్త పాస్టర్ గారు పాట ఎత్తుకోలేదు. తరువాతి పేరు చదివారు.

ఆరాధన అయ్యాక అమ్మగారు ఆటో ఎక్కి, మళ్లీ దిగారు.

"అక్కా, నా బిడ్డ నమ్మది. నేను మనసు తృప్తికి చెప్తున్న అనుకుంటది. అంత రాసియ్యి. ఆడ ఎవరెవరు ఉన్నరో గూడ రాయి."

రాస్తున్నాను. పేర్లు పెట్టను. ఒక పేరు మరచిపోయానంటే ఆ మనిషి నాతో ఏడాది మాట్లాడడు.

బిడ్డా, ఆ రోజు ఉన్నది వీళ్లు. పేర్లు చదివిన కొత్త పాస్టర్ గారు, ఆయన భార్య, చంకలో వాళ్ల పాప. గంట కొట్టిన సంఘ పెద్ద. పంతులమ్మ చెల్లెలు. పెద్ద పాస్టర్ గారి కోసం పోటీపడి లేచిన నలుగురు. యాప్రాల్ నుంచి వచ్చే రిటైర్డ్ మిలిటరీ ఆయన, ఆయన భార్య. వాళ్లకు మన మాట సగమే అర్థమైనా నవ్వు దగ్గర నవ్వారు. తీగలు కట్టిన ఆమె, ఆమె కోడలు. మేడ్చల్ నుంచి వచ్చిన ఆ పెళ్లికొడుకు మేనమామ. లేవలేదు, కానీ పోలేదు కూడా. తలుపు దగ్గర సాయబు. ముందు వరుసలో మీ అమ్మ. నేను.