ఏడు తప్పులు

మా అక్కకి చదవడం రాదు. ఈ మాట నేను ఆవిడ మొహం మీదే చాలాసార్లు అన్నాను, ఆవిడ నవ్వి ఊరుకుంది. ముప్ఫై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్న మనిషికి చదవడం రాకపోవడమేమిటని మీరు అనుకోవచ్చు. అక్షరాలు చూడడం వేరు, చదవడం వేరు. మూడువందల పేజీల నవల దిద్ది బల్ల మీద పెట్టాక "కథ ఎలా ఉందక్కా?" అని అడిగితే, "నూట పన్నెండో పేజీలో రెండు ఒత్తులు ఎగిరిపోయాయే, పెట్టించాను" అంటుంది. అందులో నాయిక బతికిందో చచ్చిందో ఆవిడకి అనవసరం.

మా ప్రెస్సులో నేను టైపు చేస్తాను, ఆవిడ దిద్దుతుంది. మధ్యలో ఒక చెక్క బల్ల, దాని మీద ఎప్పుడూ సరిగా తిరగని ఒక చిన్న ఫ్యాను. మేం తోబుట్టువులం కాదు. పద్నాలుగేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని ఒకే సీసాలో నీళ్ళు తాగాం కాబట్టి అక్క అయింది. కొప్పులో ఎర్ర పెన్ను దోపుకుని, కాగితాన్ని కింది వరస నుంచి పైకి, చివరి మాట నుంచి మొదటి మాటకి చూసుకుంటూ వస్తుంది. నేను చేరిన మొదటి రోజే చెప్పింది: "అర్థం అడ్డొస్తే తప్పు కనపడదే. అర్థాన్ని గుమ్మం బయట నిలబెట్టి రావాలి."

ఈ జబ్బు ఇంటికి కూడా పట్టుకెళ్ళేది. బావగారు సామాన్ల చీటీ రాసి గోడకి తగిలిస్తే దాన్నీ దిద్దేది. ఒకసారి ఎవరో దూరపు చుట్టాలు పెళ్ళికి పిలవడానికి వచ్చి కార్డు చేతిలో పెడితే, వాళ్ళు కాఫీ తాగి లేచేలోగా మూడుచోట్ల ఎర్రగీతలు పెట్టి వెనక్కి ఇచ్చింది. ఆ పెళ్ళికి బావగారు ఒక్కరే వెళ్ళి మొహం చాటు చేసుకుని భోంచేసి వచ్చారు.

అలాంటి మనిషికి ఫోన్లో ఒక గుంపు దొరికింది. దాని పేరు 'అచ్చుతప్పులు'. నలభై ముగ్గురు ఉంటారు. ప్రూఫులు చూసేవాళ్ళు, పదవీ విరమణ చేసిన మాస్టర్లు, బోర్డులు రాసే పెయింటర్లు, నాలాగా లాక్కొచ్చి పడేసినవాళ్ళు. అందులో సొంత పేర్లు చెప్పకూడదు, ఊర్లు చెప్పకూడదు, మొహాల ఫొటోలు పెట్టకూడదు. నంబర్లు కనపడవు, ఫోన్ చేసుకునే వీలు లేదు. రాసుకోవడం, కావాలంటే గొంతు రికార్డు చేసి పంపుకోవడం, అంతే. ఒక్కొక్కరూ ఒక్కో గుర్తు పేరు పెట్టుకుంటారు. అక్క 'వట్రుసుడి'. "మెలి తిరిగి ఉంటుంది, సరిగా పలకడం ఎవరికీ చేతకాదు, నాకు సరిపోతుంది" అంది. నాకు 'పొల్లు' అని పేరు తనే పెట్టింది. దానికి ఆవిడని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఆ గుంపుకి పెద్ద దిక్కు 'అరసున్న'. "నన్నిప్పుడు ఎవరూ రాయరు, రాసినా పలకరు" అని పరిచయం చేసుకున్న పెద్దాయన. భార్య పోయింది, ఒక్కరే ఉంటారని మాత్రం తెలుసు. రోజూ ఉదయం నడకకి వెళ్ళి, దారిలో కనబడిన తప్పు బోర్డుకి ఫొటో తీసి పెడతారు. సోమవారం మాత్రం బోర్డు ఉండదు. ఆ రోజు కావాలని తప్పులతో ఒక వాక్యం రాసి వదులుతారు. మేం దిద్దాలి. భోజనం వేళకి మార్కులు వేస్తారు. అక్క ఆరేళ్ళలో తొంభై మార్కులకి తక్కువ తెచ్చుకోలేదు.

వాళ్ళిద్దరి స్నేహం నాకు కొంచెం కుళ్ళు పుట్టించేది. అక్క కంటికి ఆపరేషన్ అయి పద్ధెనిమిది రోజులు తెర చూడకూడదంటే, ఆయన ఆ పద్ధెనిమిది రోజులూ ఆనాటి తప్పులన్నీ గొంతుతో చదివి పంపారు. "క కింద వత్తు లేదమ్మా, పాపం ఒంటికాలి మీద నిలబడింది" అని ఆయన చెబుతుంటే అక్క కంటికి గుడ్డ కట్టుకుని మంచం మీద పడుకుని నవ్వేది. ఆయన కుర్చీ కిర్రుమంటుందని తెలుసు. మాటకీ మాటకీ మధ్య దగ్గుతారని తెలుసు. పేరు తెలియదు, ఊరు తెలియదు.

ఆ బుధవారం ఉదయం తొమ్మిదీ నలభైకి ఆయన దగ్గర్నుంచి ఇది వచ్చింది:

"చెయి లెవడ లెదు తల తిరుగ తుంది ఎవర ఇన రడి"

నాలుగు నిమిషాల్లో అక్క దిద్ది పెట్టేసింది: "చేయి లేవడం లేదు. తల తిరుగుతోంది. ఎవరైనా రండి. ఏడు తప్పులు. సరేనా మాస్టారూ?"

ఆ తర్వాత గుంపు గుంపంతా దాని మీద పడింది. 'బండి ర' అనే ఆయన 'చేయి' తప్పు, 'చెయ్యి' అనాలన్నాడు. 'దీర్ఘం' అనే ఆవిడ రెండూ చెల్లుతాయని మూరెడు పొడుగు వ్యాసం రాసింది. ఇంకెవరో "చివరి మాటలో సున్న మింగేశారు, అరసున్న గారికి నిండుసున్న అంటే పడదు మరి" అన్నారు. దాని కింద పగలబడి నవ్వే బొమ్మలు పన్నెండు పడ్డాయి. దాచడమెందుకు, అందులో ఒకటి నాది. చెయ్యా చేయా అని గంటన్నర కొట్టుకున్నారు.

భోజనం వేళ అయింది, మార్కులు రాలేదు. అక్క డబ్బా మూత తీసి, ఫోన్ చూసి, మళ్ళీ మూత పెట్టింది.

"ఏమైందక్కా?"

"ఏం లేదే. మాస్టారు ఇంకా వెయ్యలేదు."

"పడుకుని ఉంటారు. నీకు తొంభై వస్తాయిలే, తిను."

తినలేదు. రెండు గంటలకి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది, వచ్చింది. నీళ్ళు తాగింది. మందుల కంపెనీ లేబుళ్ళు దిద్దాల్సింది, ఒకే లేబులు మూడుసార్లు తిప్పి చూసింది. కాలుగాలిన పిల్లిలా ఆ గదిలో తిరుగుతుంటే నాకు ఒళ్ళు మండింది. "కూర్చుంటావా లేదా? నువ్వు తిరుగుతుంటే నాకు తప్పులు పడుతున్నాయి" అని కసిరాను. కూర్చుంది. మోకాలు మాత్రం బల్లకింద ఆడుతూనే ఉంది, దాంతోపాటు నా కీబోర్డూ ఆడింది.

నాలుగున్నర అయ్యుంటుంది. ఆవిడ మోకాలు ఆపించడానికని, "ఇంతకీ ఇవాళ్టి వాక్యమేంటక్కా? నేను సరిగా చూడనే లేదు" అని అడిగాను. నవ్వే బొమ్మ పెట్టినదాన్ని, చూడలేదన్నది నిజమే. అందరూ నవ్వారని నవ్వాను.

అక్క ఫోన్ ఎత్తి, ఒక మనిషికి వినిపించేలా, మొదటి మాట నుంచి చివరి మాటకి, పైకి చదివింది. "చేయి లేవడం లేదు. తల తిరుగుతోంది. ఎవరైనా రండి."

చదివి ఆగిపోయింది. మెషిన్లు ఆడుతున్నాయి. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"ఇవాళ సోమవారం కాదు కదే."

నేను కీబోర్డు పక్కకి నెట్టేశాను.

తర్వాత అరగంట ఏం చేశామో వరసగా చెప్పలేను. గుంపులో ఎవరికైనా ఆయన ఇల్లు తెలుసా అని అక్క రాసింది. ఎవరికీ తెలియదు. పొద్దున వెటకారాలు చేసిన వాళ్ళంతా తేలు కుట్టిన దొంగల్లా అయిపోయారు. ఎవరి పేరూ చెప్పుకోకూడదన్న నియమం మీద నాకు పట్టలేనంత కోపం వచ్చింది. ఆరేళ్ళు రోజూ మాట్లాడుకుని, మనిషి ఇంటి గుమ్మం తెలియకపోతే అదేం స్నేహం?

అక్కే తేరుకుంది. "బోర్డులు" అంది. "బోర్డుల మీద ఫోన్ నంబర్లుంటాయి. ఆయన నడిచే దారే కదా అంతా."

ఆయన ఫొటోలు వెనక్కి తిప్పుకుంటూ పోయాం. చాలావాటికి తప్పు ఉన్న ముక్క వరకే కత్తిరించి పెట్టారు. ఒక బోర్డు మాత్రం మూడుసార్లు పెట్టారు, నిండుగా పెట్టారు: "ఇచ్చట గొడుగులు బాగు చేయబడవు." 'చేయబడును' రాయబోయి పెయింటర్ చేసిన నిర్వాకం. కింద నంబరు. అక్క ఫోన్ తీసుకుని నేనే నొక్కి, స్పీకర్ పెట్టాను.

"హలో" అన్నాడు గొడుగులాయన.

"బాబూ, మీ బోర్డు గురించి ఒక పెద్దాయన..."

"అబ్బా, మళ్ళీనా! మార్చనని ఆయనకి వందసార్లు చెప్పానండీ. జనం నవ్వడానికి ఆగుతారు, ఆగినవాళ్ళు గొడుగు ఇస్తారు. మీరెవరు, ఆయన తరఫు లాయరా?"

"ఆయన ఇవాళ వచ్చారా?" అని అక్క అరిచినంత పని చేసింది.

"రాలేదండీ. రోజూ వచ్చి పోట్లాడి వెళ్తారు. ఇవాళ రాలేదు. ఏమైంది?"

అక్క చెప్పింది. ఇల్లు తెలుసా అని అడిగింది. పక్క వీధే, పచ్చ గేటు, మేడ మీద గది అన్నాడు. ఫోన్ పెట్టకుండానే పరుగెత్తాడు. అతని చెప్పుల చప్పుడు, రొప్పు, ఎవరినో తప్పుకోమని కేక, మెట్లు, తలుపు బాదడం అన్నీ మాకు వినబడ్డాయి. మెషిన్ల దగ్గర్నుంచి కూడా వచ్చి మా బల్ల చుట్టూ నిలబడ్డారు. ఓనరు గారు ఏదో అడగబోయి మానేశారు.

"తలుపు తీసే ఉందమ్మా..." అన్నాడు. తర్వాత ఏమీ లేదు. అక్క బల్ల అంచు పట్టుకుంది.

"ఉన్నారు. ఉన్నారమ్మా, ఊపిరి ఉంది. కింద పడున్నారు. కళ్ళు తెరిచే ఉన్నారు. అయ్యో, అయ్యో, పెద్దాయనా..."

అప్పుడు ఐదుంపావు.

ఆయన బతికారు. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది, మెల్లగా రావచ్చు, రాకపోవచ్చు అన్నారట. ఇదంతా గొడుగులాయనే రోజూ ఫోన్ చేసి చెప్పేవాడు. గుంపు మళ్ళీ నోరు విప్పింది. బోర్డు పట్టి మనిషిని పట్టిందని అక్కని ఆకాశానికెత్తేశారు. 'దీర్ఘం' గారైతే అక్క మీద ఏకంగా పద్యం రాసింది. అక్క ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు, ఆ పద్యంలో గణం తప్పినా దిద్దలేదు. గొడుగులాయన ఒకరోజు మాటల్లో, "నాలుగు గంటల్లోపు తీసుకొచ్చుంటే ఇంత అయ్యేది కాదన్నారండీ డాక్టరు గారు" అన్నాడు. పాపం, అతను మామూలుగానే అన్నాడు.

తొమ్మిదీ నలభై, ఐదుంపావు. ఏడున్నర గంటలు. ఆ రోజు నుంచి అక్క ముళ్ళ మీద కూర్చున్నట్టే కూర్చుంది. దిద్దిన కాగితం మళ్ళీ తీసేది, మొదటి మాట నుంచి పైకి చదివేది. అలా చదివితే పని ఏం తెములుతుంది? పైగా అలా చదివితే ఆవిడకి తప్పులు కనబడ్డం మానేశాయి. రెండు పుస్తకాలు తప్పులతోనే అచ్చయ్యాయి. ఓనరు గారు నన్ను పిలిచి, "మీ అక్కకి ఒంట్లో బాలేదా?" అని అడిగారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటోందండీ అని చెప్పాలనిపించింది. ఎండ ఎక్కువగా ఉందండీ అని చెప్పాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆ బుధవారం నుంచి అక్క ఫోన్ ముట్టడం మానేసింది కాబట్టి, అలవాటుగా నేనే తీసి స్పీకర్ పెట్టాను.

"వట్రుసుడి గారేనా అండీ?" ఎవరో ఆడపిల్ల గొంతు, నా ఈడు ఉంటుంది. "నేను వాళ్ళ అమ్మాయినండీ. అరసున్న గారి అమ్మాయిని. మా నాన్నని మీరు కాపాడారని గొడుగుల ఆయన చెప్పారు. మీకు ఎలా చెప్పాలో..."

అక్క నన్ను చూసింది. వద్దు అని నేను తల అడ్డంగా ఊపాను. నిజం, ఊపాను. ఎందుకు చెప్పడం, ఎవరికి లాభం?

"నేను కాపాడలేదమ్మా" అంది అక్క. "మీ నాన్నగారు పొద్దున తొమ్మిదీ నలభైకే రాశారు. చెయ్యి లేవడం లేదు, ఎవరైనా రండి అని రాశారు. నేను ఆ వాక్యంలో తప్పులు దిద్దానమ్మా. ఏడు తప్పులున్నాయని చెప్పి మార్కులు అడిగాను. సాయంత్రం దాకా ఆయన నన్ను రమ్మంటున్నారని నాకు తెలియలేదు."

ఆ పిల్ల ఫోన్ పెట్టేసిందేమోనని తెర చూశాను. నిమిషాలు నడుస్తూనే ఉన్నాయి. అక్క తిట్లు తినడానికి సిద్ధమై తల వంచుకుని కూర్చుంది. నాకు ఆ పిల్ల తిడితే బాగుండుననిపించింది, తిడితే నేను తిరిగి ఏదో ఒకటి అనొచ్చు.

"తొమ్మిదిన్నరకి నాకు ఫోన్ చేశారండీ" అంది ఆ పిల్ల చివరికి. గొంతు చాలా చిన్నదైపోయింది. "మీకు రాయడానికి ముందే. మాట ముద్దగా ఉంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను ఆఫీసుకి బయల్దేరే హడావిడిలో ఉన్నా. నోట్లో ఏదో నములుతున్నారనుకున్నా. 'తినేసి చెయ్యండి నాన్నా' అని పెట్టేశా."

అక్క ఫోన్‌ని తన వైపు జరుపుకుంది.

"ఇది ఎవరికీ చెప్పలేదండీ. మా ఆయనకి కూడా."

"ఇప్పుడు ఎక్కడున్నావమ్మా?" అని అడిగింది అక్క.

"ఇక్కడే, నాన్న గది బయట. వరండాలో బల్ల మీద."

"ఏమైనా తిన్నావా?"

"లేదండీ."

"నేనూ తినలేదు" అంది అక్క. "ఫోన్ పెట్టకు. అలాగే ఉండు."

ఆ పిల్ల పెట్టలేదు. అక్కా పెట్టలేదు. అటునుంచి ఎవరో వార్డులో బండి తోసుకెళ్ళే చప్పుడు, ఇటునుంచి మా మెషిన్ల చప్పుడు. నేను లేచి వెళ్ళి, నా డబ్బా తెచ్చి అక్క ముందు పెట్టి, మూత తీశాను.