అంచనాకు మార్కులేసినందుకు

ఎనభైల మొదట్లో నేను ఎకనామిక్స్‌లో ఎం.ఫిల్. చేస్తున్నాను. మా నాయినకు వరంగల్ బీటుబజారులో పప్పుల దుకాణం. దేశపు కేంద్ర బ్యాంకు ఏటా వేసే రిపోర్టులో రాబోయే ఏడాది పంటలు, ధరలు ఎట్లుంటాయో ఒక అంచనా ఉండేది. అది పేపర్లో పడిన రోజు నాయిన గల్లాపెట్టె ముందు కూర్చొని మెల్లగా చదివేవాడు. ఒక ఏడు ధరలు దిగొస్తాయని రాశారు. నమ్మి సరుకు తక్కువ కొన్నాడు. వానలు మొహం చాటేశాయి, కందులు కొండెక్కాయి, మా దగ్గర సరుకు లేక పాత గిరాకీ పక్క దుకాణానికి పోయింది.

మరుసటి ఏటి రిపోర్టు లైబ్రరీలో తెరిచి మొత్తం వెతికాను. నిరుటి మాట ఎందుకు తప్పిందో ఒక్క వాక్యం లేదు. కొత్త అంచనా మాత్రం మళ్లీ అదే ధీమాతో ఉంది. నా థీసిస్ ఆ కోపంలో పుట్టింది.

మా గైడు మంచివాడే, కాని భయస్తుడు. టాపిక్ వినగానే, "వరంగల్ల కూసోని గంత పెద్ద బ్యాంకుకు మార్కులేస్తమా, అమ్మా?" అన్నాడు.

"వాళ్ల మాట నమ్మి సరుకు కొనేది వరంగల్లనే గద సార్," అన్నాను.

ఉత్త తప్పులే ఏరితే అది కక్ష అవుతుంది. అందుకని వాళ్ల అంచనా పక్కన ఒక మొద్దు అంచనా పెట్టాను: నిరుడు ధరలు ఎంత పెరిగినయో ఈ ఏడూ అంతే. అంత చదివినవాళ్లు కనీసం దీన్నయినా గెలవాలి. కాలం బాగైన ఏళ్లల్లో గెలిచారు. ఆ సంగతి ముందే రాశాను. కరువు ఏళ్లల్లో రెండు అంచనాలూ తప్పాయి. కాని వాళ్ల తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకే దిక్కు ఒరిగాయి. ధరలు వాళ్లు చెప్పినదాని కంటే పైకే పోయాయి.

'ఎర్రర్' అన్నచోటల్లా 'డిఫరెన్స్' అని మార్చమన్నాడు గైడు. మార్చనన్నాను. నెలలు గడిచినా సంతకం పెట్టలేదు. నేను రోజూ పోయి ఆయన గది ముందు కూర్చున్నాను. చివరికి విసిగి పెట్టాడు.

వైవాకు హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. అంచనా అంటే వాగ్దానం కాదు, ఆ తేడా తెలుసా అని అడిగాడు.

"తెలుసు సార్. అంచనా తప్పిపోవుడు తప్పని నేను రాయలే. తప్పినంక నోరు మెదపకపోవుడు తప్పని రాసిన."

ఆ తర్వాత ఆయన కరువు ఏళ్ల లెక్క గురించి మాత్రం అడిగాడు. డిగ్రీ వచ్చింది. నేను ఆశపడ్డ యూనివర్సిటీ ఉద్యోగం రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. ఏటా కొత్త రిపోర్టు రాగానే బోర్డు మీద ముందు నిరుటి అంచనా, దాని పక్కన నిజంగా జరిగింది రాసేదాన్ని. ఇది సిలబస్‌లో లేదు కదమ్మా అని ప్రిన్సిపాల్ ఒకసారి పిలిచి చెప్పాడు. లేదన్నాను. మరుసటి ఏడూ రాశాను.