గద్వాల మీదికి రాని విమానం

ముందు పోయినవి చెబుతాను. బండి ఇరుసు ఒకటి, సద్దిమూట ఒకటి, నా ఎడమకాలి చెప్పు, మూడు పగళ్లు, ఊళ్లో నా లెక్కలకున్న పరువు మొత్తం. ఇంకొకటి కూడా పోయింది. దాన్ని చివర చెబుతాను. ఇంత నష్టానికీ కారణం ఒక్క భాగహారం. అదీ సరిగ్గా చేసిందే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు. మాది నాగర్‌కర్నూలు పక్క పల్లె. నాకు ఇరవై రెండేళ్లు. బడికి పోకుండానే లెక్కలు నేర్చుకున్నాను, అంటే తప్పు దిద్దేవాడు లేని పండితుణ్ణి. హైదరాబాదులో మరపని నేర్చుకున్న మా తమ్ముడు బెంగుళూరు కార్ఖానాలో కుదిరాడు. అక్కడి దొర వెంట విమానంలో పోతున్నాడట. ఇంటికి వచ్చి చెప్పిపోయే వ్యవధి లేక ఉత్తరం రాశాడు: "మంగళవారం పొద్దున ఎనిమిదికి బేగంపేటల ఎక్కుత. అమ్మను మన మిద్దె మీద ఎర్ర గద్వాల చీర పరిచి నిలబడమను. పైనుంచి చూస్త."

చదివి నవ్వాను. రైళ్ల పట్టీ ముందేసుకున్నాను. హైదరాబాదు నుంచి రైలు దారిలో గద్వాలకు నూట పదిహేను మైళ్లు. విమానం వేగం గంటకు నూట యాభై. వెరసి నలభై ఆరు నిమిషాలు.

"చిన్నోడు మన మిద్దె మీదనే ఉండమన్నడు గదరా," అంది అమ్మ.

"వానికేం తెలుసమ్మా? బెంగుళూరు పొయ్యేటోళ్లంత గద్వాల మీదికెల్లే పోతరు."

"గాలిల పొయ్యేదానికి తొవ్వ ఎవడేసిండురా?"

"లెక్క నాకొదిలెయ్యి."

వదిలేసింది. అదే ఆమె చేసిన తప్పు.

వనపర్తి చేరకముందే ఇరుసు విరిగింది. రైలెక్కే తోపులాటలో చెప్పు, సద్దిమూట పోయాయి. అయినా మంగళవారం ఎనిమిదికి గద్వాల బయట ఒక బండ మీద అమ్మ చీర పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి నిలబడింది. పక్కనే పడుగు సాగదీస్తున్న నేతగాడు అడిగాడు.

"ఏంది పెద్దమ్మా, చీర ఎండకేసినవు? రంగు దిగుతది."

"నా చిన్నకొడుకు చూస్తడు నాయనా."

"ఎక్కడికెల్లి?"

అమ్మ పైకి చూపింది. అతను ఆకాశం వైపు చూశాడు, తర్వాత నా వైపు. నా వైపే ఎక్కువసేపు చూశాడు.

ఎనిమిది నలభై ఆరుకు ఒక గద్ద వచ్చింది.

"గదేనారా?"

"కాదమ్మా. జర ఆగు."

మధ్యాహ్నం దాకా ఆగాం. నేతగాడు పడుగు చుట్టుకుంటూ, "రైలు లేటైతదని తెల్సు. విమానం గూడ లేటైతదా అన్నా?" అన్నాడు. నేను చీర మూలల మీది రాళ్లు తీశాను.

ఇల్లు చేరగానే పక్కింటి బాలమ్మ ఎదురొచ్చింది. "యాడికి పోయిండ్రక్కా? మంగళవారం పొద్దున విమానం మీ మిద్దె మీదికెల్లే పోయె."

తర్వాత బడిలోని పటం మీద దారం పెట్టి చూశాను. బేగంపేట నుంచి బెంగుళూరుకు గీత తిన్నగా మా ఊరి మీదుగానే పోతోంది. అరవై ఏడు మైళ్లు, ఇరవై ఏడు నిమిషాలు. వారానికి తమ్ముడి ఉత్తరం వచ్చింది: "మన మిద్దె దొరికింది. రెండు నిమిషాలు చూసిన. ఎవ్వరు కనపడలె. అమ్మకు పానం మంచిగ లేదా?"

అప్పటినుంచి ప్రతి మంగళవారం ఆ విమానం పోయే వేళకు, ఎనిమిది ఇరవై ఏడుకు, అమ్మ మిద్దెక్కి చీర పరిచేది.

"ఆ విమానంల తమ్ముడు లేడమ్మా."

"నీ లెక్క నాకు చెప్పకు."

నేతగాడన్నట్టే రంగు దిగింది. తమ్ముడు సెలవు మీద వచ్చేసరికి అమ్మ లేదు. వాడు ఆ వెలిసిన చీర మడతలు విప్పి, మళ్లీ మడిచి పెట్టాడు.

అందుకే రైళ్ల పట్టీ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఎదురుచూసేవాళ్లకు ఎక్కడ నిలబడాలో ఈ జన్మలో చెప్పను. ఇక చివర చెబుతానన్నది. అమ్మకు నేను ఈనాటికీ బాకీ: ఆ రెండు నిమిషాలు.