పిల్లలకు చోటు లేని మేడ

ఆమెని వాడంతా ఆయమ్మ అనేది. అప్పట్లో అక్కడ రేకుల ఇళ్ళు వరసగా ఉండేవి. తల్లులు పనులకి పోతూ పిల్లల్ని ఆమె దగ్గర దించేవాళ్ళు. ఒకణ్ణి చంకనేసుకుని, ఇంకొకణ్ణి కాళ్ళమీద పడుకోబెట్టుకుని, మూడోవాడి ముక్కు తుడిచేది. ఒక్క కాన్పూ లేకుండానే ఇంతమందికి తల్లినయ్యానని నవ్వేది.

తర్వాత స్థలాల ధరలకి రెక్కలొచ్చాయి. ఇళ్ళవాళ్ళు అమ్ముకున్నారు. అద్దెకున్నవాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఊరి చివరికి, అక్కడా కుదరనివాళ్ళు ఇంకా అవతలికి పోయారు. పసిపిల్లలున్న కుటుంబాలే ముందు కదిలాయి. ఇరుకు గదుల్లో సర్దుకోలేనిది వాళ్ళే కదా. ఒక పొద్దున ఆయమ్మ చాపలు పరుచుకుని కూర్చుంటే ఎవరూ రాలేదు. మర్నాడూ పరిచింది.

ఇళ్ళు కూల్చినచోట పెద్ద మేడ లేచింది. అన్నీ ఒంటిగదులే, ఉద్యోగాలు చేసుకునే కుర్రకారుకి. పిల్లలున్నవాళ్ళకి ఇవ్వరు. ఆయమ్మ అందులో ఊడ్చి తుడిచే పనికి కుదిరింది. ఆమె గది ఇప్పుడు ఊరి చివర. రెండు బస్సులు మారి రావాలి. దగ్గర్లో పని దొరకదా అని చెల్లెలు అడిగితే, కాళ్ళు అటే లాగుతున్నాయే అంది.

మధ్యాహ్నాలు మేడంతా బోసిపోయి ఉండేది. అలాంటప్పుడే నాలుగో అంతస్తులో ఆమెకి పసిదగ్గు వినబడింది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు, అణిచిపెట్టిన దగ్గు. ఆపైన ఏమీ లేదు. వాచ్‌మన్‌కి చెబితే ఎవరో ఫోనులో ఏదో వీడియో పెట్టి వదిలేసి పోయుంటారన్నాడు. మళ్ళీ చెబితే జాలిగా చూశాడు.

"కూలిన ఇళ్ళ పిల్లలంతా నీ చెవుల్లో కాపురం పెట్టారు ఆయమ్మా."

ఆమెకీ అదే అనిపించింది. ఆమె ఒళ్ళో పెరుగుతూ జ్వరంతో పోయిన పిల్ల ఒకతి ఉండేది. అదే తిరిగొచ్చిందేమో, ఇల్లు కనబడక మెట్లన్నీ వెతుక్కుంటోందేమో. ఆ అంతస్తు చేరగానే ఒళ్ళు జలదరించేది. అయినా రోజూ ముందు అక్కడికే వెళ్ళేది. భయం కన్నా ఆశే ఎక్కువైనందుకు ఆమెకి మరీ భయమేసేది.

ఒకరోజు ఓ గది తలుపు కిందనుంచి నీళ్ళు పారి వస్తున్నాయి. లోపల కుళాయి చప్పుడు. తలుపు తట్టి ఎవరని అడిగింది. చటుక్కున కుళాయి ఆగిపోయింది. ఆయమ్మ అవసరానికని తనకిచ్చిన తాళాల గుత్తిలో ఆ గది తాళంచెవి వెతికి తలుపు తీసింది.

మంచం కింద ఐదేళ్ళ పిల్ల. తడిసిన గౌను. తన నోటిని తన చేత్తోనే మూసుకుని ఉంది. ఆయమ్మ నేలమీద కూలబడి, భయపడొద్దని బుజ్జగించింది.

"నేను ఇక్కడ లేను," అంది పిల్ల, వేళ్ళ సందుల్లోంచి.

ఆయమ్మ నీళ్ళెత్తి, గౌను మార్చి, తల్లి వచ్చేదాకా కూర్చుంది. ఆ తల్లి బట్టల కొట్లో పనిచేసే అమ్మాయి. తెరిచి ఉన్న తలుపు చూసి కొయ్యబారిపోయింది. బిడ్డ ఉందంటే ఈ చుట్టుపక్కల ఎవరూ గది ఇవ్వలేదట. దూరం పోదామంటే పిల్లని చూసే దిక్కు లేదట. చెప్పొద్దని కాళ్ళు పట్టుకోబోయింది.

"లే అమ్మా. నా గదికొచ్చెయ్యండి. దూరమే గానీ, తలుపు తీసుకుని బతకొచ్చు."

"మరి మీ పని?"

"మానేస్తాను. పిల్లని చూసుకోవాలిగా."

ఆ వారమే వెళ్ళిపోయారు. ఇప్పుడు రెండు బస్సులూ మారేది ఆ తల్లి.

ఆయమ్మ తన గది తలుపు బార్లా తీసి ఉంచేది. పిల్ల మాత్రం మునివేళ్ళమీదే నడిచేది. పళ్ళెం కింద పడితే, దానిమీద పడి రెండు చేతులతో అదిమేసేది. అరిచి ఆడుకోవే, ఎవరూ ఏమీ అనరు అంటే బుద్ధిగా తలూపేది.

నెల తిరిగాక పక్కింటావిడ గుమ్మంలోకొచ్చి ఆగిపోయింది.

"మీరూ ఆ అమ్మాయీ ఇద్దరే అనుకున్నానే. ఈ పాప ఎప్పుడొచ్చింది?"

ఆయమ్మ నోరు తెరిచేలోపే పిల్ల తలుపు చాటుకి వెళ్ళిపోయింది.