గుడివాడ ప్రయాణం మానేశాక

నేను గుడివాడలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. కాపురం బందరులో. పొద్దున ప్యాసింజరు ఎక్కి వెళ్లడం, సాయంత్రం ప్యాసింజరులోనే తిరిగి రావడం. ఏళ్ల తరబడి అదే నడిచింది.

మనుషుల ఆనందం దేనిమీద ఆధారపడుతుందో ఆర్థికవేత్తలు కూడా పరిశోధిస్తారంటే పిల్లలు నమ్మేవాళ్లు కాదు. "ఆనందాన్ని ఎలా కొలుస్తారు మేడమ్?" అనేవాళ్లు. ఏ పని చేస్తున్నప్పుడు మనసు ఎలా ఉందో మనుషుల్నే అడుగుతారని చెప్పేదాన్ని. అలా అడిగితే చాలామంది విసుక్కునేది రోజూ ఉద్యోగానికి వెళ్లిరావడం గురించేనట. పెరిగిన జీతం కొన్నాళ్లకు అలవాటైపోతుంది, ప్రయాణపు విసుగు మాత్రం అంత తేలిగ్గా అలవాటు కాదు. ఈ పాఠం దగ్గర నా గొంతు కాస్త పెరిగేదేమో. వానల్లో బండి కవుతరం దగ్గర నిలిచిపోతే, తడిసిన కుచ్చిళ్లతో క్లాసుకు పరిగెత్తినదాన్ని కదా.

బందరు కాలేజీలో ఖాళీ ఉందని తెలియగానే బదిలీకి పెట్టుకున్నాను. వచ్చింది.

ఆ రోజుల్లో రైల్లో మా పెట్టెలోకి చిలకలపూడిలో ఒకావిడ ఎక్కేది. నాకంటే పెద్దది, అందరం అక్కా అనేవాళ్లం. రోల్డుగోల్డు నగలు గుడివాడ కొట్లకు వేసేది. బండి కదలగానే ఒళ్లో సంచి విప్పి, కమ్మల జతలు అట్టముక్కలకు గుచ్చేది. చూస్తూ ఊరుకోలేక మేమూ తలా ఒక గుప్పెడు తీసుకునేవాళ్లం.

"మీరు గుచ్చిన జత వంకర పోయింది మేడంగారూ, దీన్నెవరు పెట్టుకుంటారు?" అనేది అక్క.

"వంకర చెవులవాళ్లు!" అని వెనకనించి ఎవరో అనేవాళ్లు. పెట్టె అంతా నవ్వు.

అక్కకు బదిలీ సంగతి చెబితే, "అదృష్టవంతులండీ, ఇంక హాయిగా ఇంట్లో కాఫీ తాగి వెళ్లొచ్చు" అంది.

హాయిగానే ఉంది, కొన్నాళ్లు. కాలేజీకి నడిచి వెళ్లేదాన్ని. పొద్దుండగానే ఇల్లు చేరేదాన్ని. ఒకరోజు మా ఆయన అడిగారు.

"ఈమధ్య మాట్లాడటమే తగ్గించేశావు. ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉందండీ."

"మరి ఇదివరకు బండి దిగి వస్తే ఎన్ని కబుర్లు చెప్పేదానివి!"

అప్పుడు తెలిసింది, చెప్పడానికి నా దగ్గర సంగతులే లేవని.

ఆ ఆదివారం వెతుక్కుంటూ చిలకలపూడిలో అక్క ఇంటికి వెళ్లాను. నన్ను చూసి కంగారుగా కుర్చీ తుడిచింది, టీ పెట్టింది. ఎదురెదురుగా కూర్చుంటే మాత్రం ఇద్దరికీ మాట తోచలేదు.

"మీరు రోజూ వెళ్తున్నారా అక్కా?" అన్నాను.

"ఎక్కడండీ! కొట్లవాళ్లు ఫోన్లోనే ఫొటోలు చూసుకుంటున్నారు. సరుకు పార్సిల్ చేస్తున్నాం. నేనూ మానేశాను."

"సుఖంగా ఉందా?"

"ఒంటికి సుఖంగానే ఉంది." ఖాళీ గ్లాసు అందుకుంది. "పొద్దే పోవట్లేదండీ."

"పోనీ, ఓసారి గుడివాడ వెళ్లొద్దామా?"

"గుడివాడలో ఏం పని?"

"ఏమీ లేదు."

నావంక వింతగా చూసింది. ఆనక నవ్వింది.

తరువాతి ఆదివారం వెళ్లాం. పెట్టెలో మాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు. ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. వెనకటి నవ్వులు గుర్తొచ్చి నా ప్రాణం ఉసూరుమంది. అయినా పెదన రాకముందే అక్క కొత్త కోడలి సంగతి ఎత్తుకుంది. అక్కడినుంచి మాకు ఊపిరి తిప్పుకునే తీరిక లేదు. వరిచేలు, వాటి మధ్య చేపల చెరువులు వెనక్కి పోతూనే ఉన్నాయి. గుడివాడలో స్టేషను బయట పెసరట్టు తిని, మళ్లీ బండెక్కాం.

చిలకలపూడిలో దిగేటప్పుడు అక్క మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా లేచింది.

"అప్పుడప్పుడూ అయితే వస్తాను గానీ, మళ్లీ రోజూ అంటే నా వల్ల కాదండోయ్" అంది.

"నా వల్లా కాదక్కా" అన్నాను.