మొదటి బ్యానరు

మోయిజ్ రోజూ పొద్దున తాను టీ తాగే ముందు జీపుకు నీళ్ళు తాగిస్తాడు. దాని రేడియేటరు కారుతుంది. ములకలపల్లిలో పదకొండు మందిని కుక్కుకుని తిరిగే ఆ జీపు, 2006 వరదలప్పుడు ఒక సేవాసంఘం వాళ్ళను ఎక్కించుకుని గోదావరి ఊళ్ళకు బయలుదేరింది.

పట్నం నుంచి వచ్చిన ఆ సంఘానికి పెద్ద వెంకటరామారావు గారు. వెంట నలుగురు కార్యకర్తలు, డాక్టర్ స్తుతి, బ్రెడ్డు, దుప్పట్లు, మందుల పెట్టె. తన పేరున్న బ్యానరు కట్టనిదే బండి కదలకూడదని, అదీ ముందువైపే ఉండాలని ఆయన పట్టుదల. అద్దం మీదికి వేలాడుతున్న దాని కింద నుంచి వంగి చూస్తూ మోయిజ్ నడిపాడు.

తారురోడ్డు పక్కనున్న మొదటి ఊళ్ళోనే ఆపమన్నారు. అంతకు ముందు వచ్చిన ఐదు సంఘాలూ అక్కడే ఆగాయి. అక్కడి గేదెలు కూడా బ్రెడ్డు తినడం మానేశాయి. పున్నమ్మ అనే ముసలావిడ ఐదు దుప్పట్లు ఇంట్లో మడతపెట్టి, ఆరోదానికి వచ్చింది. ఫొటో తీసే కుర్రవాడు తడబడుతుంటే ఆమే రామారావు గారిని సర్ది నిలబెట్టింది.

"జరంత గిటు జరుగు సారూ. నిన్నటోళ్ళు గీడనే ఫొటో దిగిండ్రు. మొఖం మీద ఎండ మంచిగ పడ్తది."

అప్పుడే నడుం దాకా తడిసి బొజ్జయ్య వచ్చాడు. వాగవతల తమ గూడెం రేగులగుంపులో ఇంటికొకరు జ్వరంతో పడి ఉన్నారనీ, నిన్న ఒక పిల్ల చనిపోయిందనీ, డాక్టరమ్మను పంపమనీ అడిగాడు. స్తుతి పెట్టె తీసుకుని లేచింది. రామారావు గారు తన పర్యటన కాగితం చూశారు. అందులో రేగులగుంపు లేదు. భద్రాచలంలో భోజనం ఉంది. జీపు వాగులో ఇరుక్కుంటే బాధ్యత ఎవరిదని అడిగారు.

మోయిజ్ కాసేపు బ్యానరు తాడు బిగిస్తూ నిలబడ్డాడు.

"ఆ గుంపుకు ఇంకా ఎవ్వలు పోలే సార్," అన్నాడు. "పోతే మీదే మొదటి బ్యానరు."

రామారావు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

వాగు దగ్గర మోయిజ్ దిగి, కర్రతో లోతు చూసుకుంటూ అవతలి ఒడ్డుదాకా నడిచి, తిరిగొచ్చి బండిని దించాడు. మధ్యలో ఇంజను ఆగిపోయింది. కార్యకర్తలు దిగి నెట్టారు. వరద సేవకు వచ్చాక వాళ్ళ ప్యాంట్లు తడవడం అదే మొదలు.

గుంపులో ఫొటోకు వరసగా నిలబడగలిగిన మనుషులు దొరకలేదు. ఇళ్ళ కప్పులు కారుతున్నాయి, మళ్ళీ వాన పట్టింది. స్తుతి బ్యానరు విప్పించి నాలుగు గుంజలకు పందిరిలా కట్టించింది. అక్షరాలు కిందివైపుకు వచ్చాయి. చీకటి పడేలోపు ముప్పై ఎనిమిది మంది దాని కింద వెల్లకిలా పడుకుని, రామారావు గారి పేరునే చూస్తూ సూదులు వేయించుకున్నారు. ఆ తర్వాత ఆ జ్వరాలకు గుంపులో ఎవరూ చనిపోలేదు.

వాగు మీద వంతెన ఇప్పటికీ పడలేదు. మోయిజ్ ప్రతి గురువారం నర్సును ఎక్కించుకుని రేగులగుంపుకు వెళ్ళొస్తున్నాడు.